పెద్దమనిషితో మాట్లాడండి, సంతకం మాత్రం లేబర్ ఆఫీసులో పెట్టండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మొత్తం అరవై మంది దాకా ఉంటాం, సగం మంది ఒడిశా, బీహార్ వాళ్లు. పన్నెండు గంటలు చేయించుకుని ఓటీకి (అదనపు గంటల పనికి) కూడా మామూలు రేటే కడుతున్నారు. ఇదేమిటని అడిగిన ముగ్గురిని సూపర్‌వైజర్ "రేపట్నుంచి రావొద్దు" అన్నాడు. కాగితమేమీ ఇవ్వలేదు. మా కుర్రాళ్లు సోమవారం నుంచి మిషన్లు ఆపేద్దామంటున్నారు. ఇంతలో ఓనరుకు బాగా కావలసిన పెద్దమనిషి ఒకాయన వచ్చి, "ఇద్దరూ నా మాటకు కట్టుబడతామని సంతకాలు పెట్టండి, నేను తెగ్గొట్టేస్తా" అంటున్నాడు. ఆయన తెచ్చిన కాగితంలో ఏమీ రాసి లేదు. ఒంగోలులో ఎంబీఏ చదువుతున్న మా అమ్మాయేమో సమ్మె వల్ల ఇద్దరికీ నష్టమేనని పరిశోధనల్లో ఉందట, మధ్యవర్తే మేలంటోంది. నాకు ఓనరు దగ్గర అడ్వాన్సు బాకీ కూడా ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాలిషింగ్ కార్మికుడు

జవాబు: ముందు సోమవారం సంగతి. ఆ రోజు మిషన్లు ఆపొద్దు. పెద్దమనిషి తెచ్చిన కాగితం మీద సంతకమూ పెట్టొద్దు. ఈ రెండూ కాకుండా ఏం చేయవచ్చో చెబుతాను.

సమ్మె తప్పని నేను అనడం లేదు. మీ కుర్రాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఓటీకి రెట్టింపు కట్టడం ఓనరు దయ కాదు. పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ అదే ఉంది, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. కానీ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త చట్టం సమ్మె దారిని బాగా ఇరుకు చేసేసింది. 1947 నాటి పాత చట్టంలో ముందస్తు నోటీసు తప్పనిసరి అన్నది రైల్వే, కరెంటు, నీళ్లు లాంటి ప్రజావసర సర్వీసులకే. ఇప్పుడు పాలిషింగ్ ఫ్యాక్టరీ అయినా సరే నోటీసు ఇవ్వాల్సిందే. ఇచ్చాక 14 రోజులు ఆగాలి, 60 రోజులు దాటితే ఆ నోటీసు చెల్లదు. నోటీసు లేకుండా పని ఆపితే అది చట్టవిరుద్ధ సమ్మె. వెయ్యి నుంచి పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. "సమ్మె అని అనొద్దు, అందరం ఒకే రోజు సెలవు పెడదాం" అనే పాత తెలివి కూడా ఇక పనికిరాదు. సగం మంది, అంతకుమించి కలిసి అనుకుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే దాన్నీ సమ్మెగానే లెక్కేస్తారు.

ఆ జైలు మాట అటుంచండి, దానికోసం నేను భయపెట్టను. అసలు నష్టం వేరే ఉంది. ఈ రోజు తప్పంతా ఓనరు వైపే ఉంది. ఓటీ ఎగ్గొట్టింది ఆయన, నోటిమాటతో ముగ్గురిని పంపేసింది ఆయన మనిషి. సోమవారం మిషన్లు ఆగాయనుకోండి, మంగళవారం ఆఫీసరు ముందు ఓటీ ఊసే ఉండదు, మీ సమ్మె గురించే మాట్లాడతారు. కూలీ కూడా పోతుంది. సమ్మె చట్టబద్ధమైనదీ, న్యాయమైనదీ రెండూ అయితేనే ఆ రోజులకు జీతం అడిగే హక్కుంటుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1994లోనే చెప్పింది. రెంటిలో ఏ ఒక్కటి లోపించినా లేదు.

14 రోజులు ఆగాలంటే కుర్రాళ్లు విసుక్కుంటారు. నాకైతే ఆ 14 రోజులే మీకు కలిసొచ్చే కాలం. నోటీసు అందాక లేబర్ ఆఫీసులో రాజీ అధికారి, అంటే కన్సిలియేషన్ ఆఫీసరు, ఇరుపక్షాలనూ పిలుస్తారు. మొదటి సమావేశం జరిగిన రోజునుంచి రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క. అది నడుస్తున్నంతసేపూ, ముగిశాక మరో 7 రోజులూ మీరు పని ఆపకూడదు. సమ్మె నోటీసు మీద మొదలైన కేసులో అధికారి 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. మీ చేతులు కట్టేసినట్టు అనిపిస్తుంది గానీ, ఆ సమయంలో ఓనరు చేతులూ కట్టేసే ఉంటాయి. వివాదంలో ఉన్న విషయంలో మీకు నష్టం కలిగేలా పని షరతులు మార్చకూడదు. ఆ గొడవ పేరు చెప్పి అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకెవరినీ తీసేయకూడదు. ముగ్గురు పోయారు, నాలుగోవాడు తానేనేమోనని ప్రతివాడూ భయపడుతున్న ఈ సమయంలో మీకు కావలసింది ఈ రక్షణే.

ఇక పెద్దమనిషి. మన వైపు పొలం గట్టు తగాదా నుంచి పెళ్లి తగాదా దాకా నలుగురు కూర్చుని తెగ్గొట్టడం అలవాటే. అది చెడ్డదని నేననను. కోర్టు మెట్లెక్కకుండా కాపాడిన తీర్పులు బోలెడున్నాయి. కానీ చట్టం చెప్పే మధ్యవర్తిత్వానికీ దీనికీ పోలిక లేదు. 1956లో పాత చట్టంలో 10ఏ సెక్షన్‌గా చేరిన ఆ ఏర్పాటు ఇప్పుడు కోడ్‌లో 42వ సెక్షన్‌గా ఉంది. గొడవ ఏమిటో, మధ్యవర్తి ఎవరో ఇరుపక్షాలూ రాసి ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం కాపీ ప్రభుత్వానికీ, రాజీ అధికారికీ వెళ్లాలి. ఇరుపక్షాలూ చెరొక మధ్యవర్తిని పెట్టుకుంటే, ఆ ఇద్దరికీ కుదరనప్పుడు తేల్చే మూడో మనిషి ఎవరో కూడా ముందే రాసుకోవాలి. మధ్యవర్తి విచారించి తీర్పు రాసి, సంతకం పెట్టి ప్రభుత్వానికి పంపాలి. మీ పెద్దమనిషి కాగితంలో ఇందులో ఏ ఒక్కటీ లేదు. ఖాళీ కాగితం మీద మీ సంతకం ఉంటే, రేపు దాని పైభాగంలో "నా అంతట నేనే మానుకున్నాను, నాకు రావలసిందంతా ముట్టింది" అని రాసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

మధ్యవర్తి మంచివాడా కాదా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఆయన్ను ఎవరు ఎంచుకున్నారన్నది మొదటిది. 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికులు 35 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 శాతం దగ్గర ఆగారు. గాంధీగారు వాళ్ల పక్షాన నిలబడ్డారు, నిరాహార దీక్ష కూడా చేశారు. చివరికి ఆనందశంకర్ ధ్రువను మధ్యవర్తిగా ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఒప్పందం ఎంత జాగ్రత్తగా రాసుకున్నారో చూడండి. మొదటి రోజు 35 శాతం, రెండో రోజు 20, మూడో రోజు నుంచి తీర్పు వచ్చేదాకా ఇరవై ఏడున్నర. ఇద్దరి పట్టుదలా నిలిచింది, పనీ మొదలైంది. ఆ తర్వాత వచ్చిన తీర్పు 35 శాతమే. ఆ మధ్యవర్తి ఒక పక్షానికి "బాగా కావలసినవాడు" కాదు, ఇరుపక్షాలూ ఒప్పుకున్న మనిషి.

మన తెలుగువాడు వి.వి.గిరి గారు కూడా కార్మిక తగాదాలు కోర్టులకెక్కడం కంటే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవడమో, ఇష్టపడి మధ్యవర్తిని పెట్టుకోవడమో మేలని గట్టిగా వాదించినవాడు. రైల్వే కార్మికుల సమ్మెలు నడిపి వచ్చిన మనిషి ఆ మాట అన్నాడంటే దానికి విలువ ఉంది. ఆయనే కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేస్తే 1954లో పదవి వదిలేసి బయటికొచ్చాడు. తీర్పుకు ఒప్పుకున్నాక నచ్చకపోయినా కట్టుబడాలన్నది ఆయన పట్టు. ఆ పట్టు ఓనర్లకూ ఉండాలి గదా.

కాబట్టి పెద్దమనిషిని మొహం మీద కాదనకండి. ఇలా చెప్పండి: "అయ్యా, మీరు పూనుకున్నందుకు సంతోషం. ఓనరుగారితో మాట్లాడి ఆయన ఏమిస్తారో రాయించండి. మాకు సమ్మతమైతే ఒంగోలులో లేబర్ ఆఫీసరు ముందు ఇద్దరం సంతకాలు పెట్టుకుందాం." ఆయన మనసులో కల్మషం లేకపోతే ఈ మాటకు అభ్యంతరం చెప్పడు. అక్కడే సంతకం పెట్టాలని పట్టుబట్టడానికి కారణముంది. ఊళ్లో కూర్చుని రాసుకున్న ఒప్పందం సంతకాలు పెట్టినవాళ్లకే వర్తిస్తుంది. రాజీ అధికారి ఎదుట కుదిరిన ఒప్పందం ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడున్న అందరికీ, రేపు చేరేవాళ్లకూ వర్తిస్తుంది. ఓనరు దాన్ని తప్పితే అది నేరం.

ఆ ముగ్గురి సంగతి అన్నిటికంటే తొందరది. కాగితం ఇవ్వకుండా పంపేశారంటే, రేపు ఆఫీసరు అడిగినప్పుడు "మేం తీసేయలేదండీ, వాళ్లే రావడం మానేశారు" అంటారు. దాదాపు ప్రతి కేసులో వినిపించే జవాబే ఇది. అందుకని ఈ వారంలోనే ముగ్గురూ విడివిడిగా ఒక్కో ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాలి. "ఫలానా తేదీన ఫలానా షిఫ్టుకు వస్తే నన్ను లోపలికి రానివ్వలేదు, నేను పనికి సిద్ధంగా ఉన్నాను, నన్ను తీసుకోండి" అన్నంత ఉంటే చాలు. తిట్లు, బెదిరింపులు వద్దు. రసీదు దాచుకోవాలి. అదే విషయం సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో పెట్టినా మంచిదే. ఆ తర్వాత రాజీ అధికారికి దరఖాస్తు. ఒక్క మనిషిని తీసేసినా దాన్ని పారిశ్రామిక వివాదంగానే చట్టం చూస్తుంది. యూనియన్ ఉండాలన్న షరతు లేదు. దరఖాస్తు ఇచ్చి 45 రోజులైనా తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పాత చట్టంలో అందుకు మూడేళ్ల గడువుండేది, ఇప్పుడు తీసేసిన రోజునుంచి రెండేళ్లే. ఇంకొకటి, మనిషిని తీసేశాక అతనికి రావలసిన జీతం బాకీ రెండు పనిదినాల్లో కట్టాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఉత్తరంలో ఆ లైను కూడా చేర్చండి. అయితే "జీతం తీసుకున్నంత మాత్రాన ఉద్యోగం మీద హక్కు వదులుకోవడం లేదు" అని పక్కనే రాయాలి.

ఓటీ సంగతికొస్తే, ఇరవై మంది, అంతకుమించి పనిచేసే చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండి తీరాలి. ఓనరు మనుషులూ కార్మికులూ సమానంగా, మొత్తం పదిమందికి మించకుండా. ఫిర్యాదు వచ్చిన 30 రోజుల్లో తేల్చాలి. మీ దగ్గర ఆ కమిటీ పేరు కూడా ఎవరూ విని ఉండరు. అయినా దానికే రాయండి, నకలు మీద ఆఫీసులో ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే అదీ పోస్టులోనే. కమిటీ లేదన్నదే రేపు ఆఫీసరు ముందు ఓనరును ఇబ్బంది పెట్టే మాట అవుతుంది. ఓటీ బకాయిలను మూడేళ్ల వెనక్కి వెళ్లి అడగవచ్చు. అందుకు లెక్క కావాలి. హాజరు మస్టర్ ఫొటోలు, గేటు దగ్గర రాసే టైములు, సూపర్‌వైజర్ షిఫ్టు మెసేజ్‌లు, ఫోన్‌పే చేసిన జీతం, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, ఏది దొరికితే అది. మీ అమ్మాయి ఎక్సెల్ షీటులో నెలవారీగా వేసిపెడితే అదే పెద్ద సాయం.

చీమకుర్తి అన్నారు గనుక ఒక మాట. మీరు పాలిషింగ్‌లో ఉన్నారు, మీది రాష్ట్ర కార్మిక శాఖ పరిధి. అదే ఓనరుకు రామతీర్థం వైపు క్వారీ కూడా ఉండి, అక్కడి వాళ్లు కూడా మీతో కలిస్తే వాళ్ల దరఖాస్తు వేరే పెట్టాలి. గనులు, క్వారీలు కేంద్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి. ఇద్దరూ ఒకే కాగితం మీద పెట్టి, "ఇది మా పరిధి కాదు" అనిపించుకుని నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు మీ అమ్మాయి చదువు. ఆమె అన్నది అబద్ధం కాదు, సగం నిజం. జాన్ హిక్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1932లో చెప్పిన వాదన అది. సమ్మెలో ఇద్దరూ నష్టపోతారు, చివరికి ఎక్కడ రాజీ పడతారో ముందే తెలిస్తే ఆ నష్టం లేకుండానే అక్కడికి చేరవచ్చు గదా అని. అలాంటప్పుడు సమ్మెలు ఎందుకు జరుగుతున్నాయంటే, ఒకరి బలం ఇంకొకరికి తెలియక. మీ ఓనరుకు మీరు ఎంతదాకా నిలబడతారో తెలియదు, ఆయన ఆర్డర్ల లెక్క మీకు తెలియదు. అంటే ఈ వాదన సమ్మె వద్దనడం లేదు, ముందు లెక్కలు బయట పెట్టుకోమంటోంది. మళ్లీ నోటీసూ, రాజీ సమావేశమూ దగ్గరికే వచ్చాం.

అదే చదువులో ఆమె ఇంకో పాఠం కూడా చూడాలి. అమెరికాలో డేవిడ్ లెవిన్, రిచర్డ్ పీటర్సన్ అనే పరిశోధకులు 1980లలో ఫిర్యాదు చేసినవాళ్లను, చేయనివాళ్లను పోల్చి చూశారు. ఫిర్యాదుకు ముందు ఇద్దరి పనిలో పెద్ద తేడా లేదు. తర్వాత మాత్రం ఫిర్యాదు చేసినవాళ్లకు పని మార్కులు తగ్గాయి, ప్రమోషన్లు తగ్గాయి, ఉద్యోగం వదిలినవాళ్లు ఎక్కువయ్యారు. యూనియన్లు, రాసిపెట్టుకున్న పద్ధతులు ఉన్న కంపెనీల్లోనే ఆ పరిస్థితి. మీ ముగ్గురూ ఒంటరిగా అడిగారు, ఒంటరిగా దెబ్బతిన్నారు. ఇకమీదట ఏ కాగితమైనా ఒక్కడి పేరుతో కాకుండా పది పదిహేను మంది సంతకాలతో పోవాలి, ఆ ముగ్గురి సొంత దరఖాస్తులు తప్ప. ఏడుగురు ఉంటే యూనియన్ రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ మీ అరవై మందికి కొత్త సంఘం కంటే ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీలలో మీకు నమ్మకమున్న దానిలో చేరడమే సులువు. నోటీసులు రాయడం వాళ్లకు చేయి తిరిగిన పని.

ఓనరుకు వినిపించదగ్గ పరిశోధనా ఒకటుంది, పెద్దమనిషి ద్వారానే పంపండి. అమెరికాలో డెకేటర్ అనే ఊళ్లో ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ ఉండేది. 1994లో అక్కడ పెద్ద సమ్మె జరిగింది, కంపెనీ బయటివాళ్లను పెట్టి నడిపింది. ఆ గొడవ కాలంలో తయారైన టైర్లలో లోపాలు ఎక్కువగా ఉన్నాయని ఆలన్ క్రూగర్, అలెగ్జాండ్ర్ మాస్ 2004లో తేల్చారు. కొత్తవాళ్లు మాత్రమే ఉన్నప్పటికంటే, పాతవాళ్లు మనసు విరిగి తిరిగొచ్చి కొత్తవాళ్ల పక్కన పనిచేసిన రోజుల్లోనే లోపాలు ఎక్కువట. గెలాక్సీ గ్రానైట్ బ్లాకు ఖరీదు తెలిసిన ఓనరుకు, పాలిషింగ్ లైను మీద మనసు లేని చేయి ఎంత స్లాబు పాడుచేస్తుందో నేను వివరించక్కర్లేదు.

ఇవన్నీ చేసినా కదలిక లేకపోతే అప్పుడు సమ్మె చేయండి, నోటీసు గడువులు చూసుకుని. దానికి ముందు ఒడిశా, బీహార్ వాళ్లతో కూర్చోవాలి. ఇది మనవాళ్లు ఎప్పుడూ చివరికి వదిలేస్తారు. వాళ్లు ఉండేది ఓనరు ఇచ్చిన గదుల్లో, తినేది కాంట్రాక్టరు సరుకు. పని ఆగితే ముందు రోడ్డున పడేది వాళ్లే. హిందీ వచ్చిన ఇద్దరిని తీసుకుని వెళ్లి, బియ్యానికి, గదికి ఏం చేద్దామో తేల్చకుండా వాళ్లను కలిసి రమ్మనడం న్యాయం కాదు. వాళ్లు రాకపోతే మీ సమ్మె సగం మిషన్లతో నడిచే సమ్మె. లారీలకు అడ్డం పడటం, గేటుకు తాళం వేయడం లాంటివి ఎవరు ఉసిగొల్పినా వద్దు. అక్కడితో అది లేబర్ కేసు కాకుండా పోలీసు కేసవుతుంది. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మెలో ఉన్నారు. మధ్యలో ప్రభుత్వం, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా చెదరలేదు, చివరికి ముగిసింది చర్చల బల్ల దగ్గరే. అన్ని రోజులు నిలబడింది ఆవేశంతో కాదు, ముందునుంచీ సంఘం కట్టుకుని ఉండబట్టే.

మీ అడ్వాన్సు విషయం. బాకీ ఉంది కాబట్టి నోరెత్తకూడదని ఏ చట్టమూ అనదు. అప్పు తీరేదాకా ఇక్కడే పనిచేయాలని కట్టడి చేయడం 1976 నుంచీ వెట్టిచాకిరీ నిషేధ చట్టం కింద నేరం. జీతంలోంచి అడ్వాన్సు పట్టుకోవచ్చు గానీ, అన్ని కోతలూ కలిపి ఆ నెల జీతంలో సగం దాటకూడదు. ఎంత తీసుకున్నారో, ఎంత పట్టారో మీ దగ్గర లెక్క లేకపోతే, ఓటీ ఫిర్యాదులోనే చివర ఒక వాక్యంగా అడ్వాన్సు ఖాతా నకలు ఇవ్వమని అడగండి.